పెంపుడు కుక్కకు తగిన గురువు

తెలుగున 'శిక్ష' అను మాటకు రెండు ముఖములు కలవు. ఆరు వేదాంగములలో ఒకదానికి శిక్ష యని పేరు. అచ్చట దాని అర్థము నేర్పు, అభ్యాసము. నేటి వాడుకలో శిక్ష యనగా దండన. న్యాయస్థానము విధించునది శిక్ష. ఒకనాటి బడిలో గోడకుర్చీ వేయించుట శిక్ష. 'శిక్షకుడు' అను మాట ఈ రెండర్థముల నడుమ నిలిచియున్నది. పిల్లల చదువు విషయమున ఈ చిక్కును మన దేశము చట్టముతో తీర్చుకొన్నది: 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనను నిషేధించినది. ఇంట పెంచుకొను కుక్క విషయమున ఆ చిక్కు ఇంకను మిగిలియున్నది. కుక్కకు మాట వినుట నేర్పెదమని వచ్చువారిలో నేర్పువారును కలరు, దండించువారును కలరు. ఇరువురును తమ్ము శిక్షకులనియే చెప్పుకొందురు. వీరిలో ఎవరిని గుమ్మము లోనికి రానీయవలెనో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రసంగ విషయము అదియే.

"మా కుక్క మాట వినుట లేదు, మంచి శిక్షకుడు ఎచ్చట దొరకును?" అని శ్రోతలు కొందరు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. దాని వెనుక నున్న కథ మాత్రము చిన్నది కాదు. హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్టణములోనో మూడవ అంతస్తు వాటాలో ఒక సంసారమును ఊహింపుడు. పిల్లలు ముచ్చటపడగా రెండు నెలల లాబ్రడార్ కూనను తెచ్చిరి. ఎనిమిది నెలలకు అది ఇరువదియైదు కిలోలు తూగుచున్నది. వచ్చిన చుట్టము మీదికి ఎగురును, గొలుసు పట్టిన అమ్మమ్మను ఈడ్చుకొనిపోవును, చెప్పులు నమలును, పాలవానిని చూచి మొరుగును. పొరుగువారు ఫిర్యాదు చేయుదురు. మొదట దానిని బాల్కనీలో కట్టివేయుదురు. కట్టివేసిన కొలది మొరుగుట హెచ్చును. పిమ్మట "ఎవరికైన ఇచ్చివేయుదము" అను మాట పుట్టును. తీసికొనువారు దొరకనప్పుడు ఊరి వెలుపల విడిచివచ్చుటయు కలదు. ఇంటి అన్నము తిని పెరిగిన కుక్కకు వీధిలో బ్రదుకుట తెలియదు. కుక్క ఆయుర్దాయము సుమారు పది మొదలు పదునాలుగేండ్లు. అందు మొదటి సంవత్సరమున ఎవరు ఎట్లు నేర్పిరో దానిని బట్టియే మిగిలిన ఏండ్లు నడచును. శిక్షకుని ఎన్నుకొనుట సరదా వ్యవహారము కాదని మేము చెప్పుటకు కారణమిది.

తప్పు లేని కుక్కను కొట్టరాదన్న మాట మనకు క్రొత్తది కాదు. భారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము యొక్క కొడుకు అచ్చటికి వచ్చెను. హవిస్సును ముట్టలేదు, నాకలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. సరమ స్వయముగా సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలదీసెను. వారియొద్ద సమాధానము లేకపోయెను. అనుకొనని భయము నీకు కలుగునని ఆమె రాజును శపించి పోయెను. ఈ కథలో గమనింపదగిన దేమనగా, ఆ పిల్లకు తాను ఏల దెబ్బలు తిన్నదో తెలియదు. నేటి పెంపుడు కుక్కల దెబ్బలలో అధికభాగము ఇట్టివే. కొట్టినవానికి కారణము తెలియును, తిన్నదానికి తెలియదు.

ఏల తెలియదో శాస్త్రము చక్కగా వివరించినది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెల్ బహుమతి పొందెను. ఆహారము వచ్చునని ముందుగా తెలుపు సంకేతము వినగనే కుక్క నోట నీరూరునని ఆయన చూపెను. అమెరికాలో థారన్‌డైక్ 1898 నాటికే, సుఖమైన ఫలితమిచ్చిన పనిని జంతువు మరల చేయుననియు, ఇయ్యనిదానిని క్రమముగా మానుననియు పిల్లులతో పరీక్షించి చెప్పెను. స్కిన్నర్ ఈ మార్గమున మరికొంత దూరము పోయి, జంతువులకు నేర్పు విధానమును గూర్చి 1951లో సామాన్య పాఠకులకు అందునట్లు ఒక వ్యాసము వ్రాసెను. అందలి కీలకము ఒక్కటే: కుక్క సరియైన పని చేసిన క్షణముననే దానికి ఆ సంగతి తెలియవలెను. క్షణము దాటినచో బహుమానమైనను, దండనయైనను మరియొక పనికి అంటుకొనును. ఆయన శిష్యులైన బ్రెలాండ్ దంపతులు ఈ పద్ధతిని ప్రయోగశాల నుండి వెలుపలికి తెచ్చి అనేక జాతుల జంతువులకు నేర్పిరి. చిటికె వంటి చిన్న శబ్దము చేయు పనిముట్టును నేడు కొందరు శిక్షకులు చేత పట్టుకొనుట ఈ పరంపర నుండి వచ్చినదే. "ఇదిగో, ఇప్పుడు నీవు చేసినది సరి" యని కుక్కకు చెప్పుటయే ఆ చిటికె అర్థము.

ఇక మన ఇండ్లలో జరుగునది చూడుడు. యజమాని సాయంకాలము ఇంటికి వచ్చును. మధ్యాహ్నము కుక్క పరుపు చింపినది. ఆయన దానిని పిలుచును, అది తోక ఊపుచు దగ్గరకు వచ్చును, ఆయన కొట్టును. కుక్క నేర్చిన పాఠమేమి? పరుపు చింపరాదని కాదు; పిలిచినప్పుడు దగ్గరకు పోరాదని. మరునాడు అది తల వంచి మూలకు నక్కగా "చేసిన తప్పు దానికి తెలియును" అని ఇంటివారందురు. అది పశ్చాత్తాపము కాదు. యజమాని ముఖమును, కంఠమును చూచి కలిగిన భయము.

ఇంకొక వాదము చాలకాలము లోకమున చెల్లినది. కుక్క తోడేలు జాతిది. తోడేళ్ల గుంపులో బలవంతుడు మిగిలినవానిని అణచి నాయకుడగును. కావున యజమాని కుక్కను అణచి తానే నాయకుడనని చూపవలెను. ఇది ఆ వాదము. కుక్కను వెల్లకిల పడవేసి అదిమిపట్టుట, మెడపట్టి విదలించుట మున్నగు పనులకు ఆధారమిదియే. దీని మూలము 1947లో షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు, బంధించి ఉంచిన తోడేళ్లను చూచి వ్రాసిన వ్యాసము. ఒండొంటికి సంబంధము లేని తోడేళ్లను ఒక ఆవరణలో పెట్టినచో అవి పోరాడుకొనుట వింత కాదు. అడవిలోని తోడేళ్లను ఏండ్ల తరబడి పరిశీలించిన డేవిడ్ మెక్, తాను 1970లో వెలువరించిన గ్రంథమున ఈ వాదమునకు చోటిచ్చినను, 1999లో దానిని సవరించెను. అడవిలోని గుంపు సాధారణముగా ఒక కుటుంబము. తల్లి, తండ్రి, వారి పిల్లలు. పిల్లలు తల్లిదండ్రుల వెంట నడచుటలో యుద్ధమేమియు లేదు. పైగా కుక్క వేల సంవత్సరములుగా మనిషి చెంత పెరిగిన ప్రాణి. కావున "మీ కుక్కకు మీరు నాయకులు కారు, అదియే జబ్బు" అని ప్రసంగము మొదలుపెట్టు శిక్షకుడు పాతబడిన పాఠము వల్లించుచున్నాడని గ్రహింపవచ్చును.

దండన వలన ఏమగునో 2020లో పోర్చుగల్ దేశమున వెలువడిన ఒక పరిశోధన చూపినది. బహుమానములతో నేర్పు బడుల నుండియు, దండనలు వాడు బడుల నుండియు 92 పెంపుడు కుక్కలను తీసికొని పరిశీలించిరి. దండన వాడు బడులలోని కుక్కలు పాఠము జరుగునప్పుడు పెదవులు నాకుకొనుట, ఆవులించుట మొదలగు ఆందోళన చిహ్నములను ఎక్కువగా చూపినవి. పాఠము పిమ్మట వాని లాలాజలములో కార్టిసోల్ అను ఒత్తిడి రసము హెచ్చినది. అటుపై వేరొక పరీక్ష. ఒక దిక్కున ఉంచిన గిన్నెలో ఎల్లప్పుడు తినుబండారముండును; మరియొక దిక్కున ఉంచిన గిన్నె ఎల్లప్పుడు ఖాళీ. ఈ సంగతి కుక్కలకు తెలిసిన తరువాత ఆ రెంటి నడుమ ఒక గిన్నె పెట్టిరి. మిక్కిలి దండన ఎరిగిన కుక్కలు దాని వద్దకు ఆలస్యముగా పోయినవి. అనగా, మంచి జరుగునను ఆశయే వానికి సన్నగిల్లినదన్నమాట.

ఇంతకంటె ప్రమాదమైనది మరియొకటి కలదు. కుక్క గుర్రుమనుట ఒక హెచ్చరిక. "దగ్గరకు రావలదు, నాకు భయముగా ఉన్నది" అని అది చెప్పగల మాట అదియొక్కటే. గుర్రుమన్నందుకు కొట్టినచో భయము పోదు, హెచ్చరిక మాత్రము పోవును. అట్టి కుక్క ఒకనాడు చప్పుడు చేయకయే కరచును. ఆ కాటు తరచుగా దాని ముఖము నెత్తునకు సరిపోవు చంటిపిల్లల మీద పడును.

ఇక శిక్షకుని వెదకుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. పశువైద్యుని కలిసికొనుట. నిన్నటివరకు సాధువుగా ఉన్న కుక్క హఠాత్తుగా కరవ వచ్చినను, ఇంట మూత్రము విడువసాగినను, తాకనీయకపోయినను, మొదట అనుమానింపవలసినది రోగమునే. చెవిపోటు, కీళ్లనొప్పి, మూత్రకోశ వ్యాధి, చూపు తగ్గుట, వీనికి పాఠములు మందు కావు. పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించుట, పురపాలక సంఘమున నమోదు చేయించుట యజమాని విధి. మంచి శిక్షకుడు మొదటి దినముననే టీకాల చీటీ అడుగును. అడుగనివాని బడిలో మీ కుక్కకు అంటువ్యాధులు తగులు ప్రమాదము కలదు.

ఎన్నవ నెలలో మొదలిడవలెను? ఒకప్పుడు ఆరు నెలలు నిండనిదే పాఠములు వలదనువారు. గొలుసు బిగించి లాగుటయే పాఠమైనప్పుడు పసికూన మెడ దానిని ఓర్వజాలదు గదా! బహుమానముతో నేర్పునప్పుడు అట్టి అడ్డు లేదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి 1965లో ఒక గ్రంథము వెలువరించిరి. సుమారు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము కూనకు లోకముతో పరిచయమేర్పడు కాలమని వారు నిర్ణయించిరి. ఆ దినములలో చూచినది, విన్నది దానికి తనదగును. చూడనిది తరువాత భయకారణమగును. ముసలివారు, పిల్లలు, గొడుగు పట్టినవారు, ఆటోరిక్షా చప్పుడు, కుక్కర్ ఈల, గుడి గంట వీనినన్నిటిని మెల్లగా, సుఖముగా పరిచయము చేయవలెను. టీకాలు పూర్తికాని కూనను వీధిలో నేలపై వదలరాదు, చంకనెత్తుకొని చూపవచ్చును. అందుచేత శిక్షకుని గూర్చి విచారింపవలసినది కుక్క చెడిన తరువాత కాదు, కూన ఇంటికి వచ్చిన వారముననే.

మన దేశమున వైద్యునికి, న్యాయవాదికి ఉన్నట్లు శునకశిక్షకునికి ప్రభుత్వపు పట్టా అను ఏర్పాటు లేదు. గొలుసు పట్టినవాడెల్ల శిక్షకుడు కావచ్చును. కొందరు దూరవిద్య ద్వారమున విదేశ సంస్థల యోగ్యతాపత్రములు పొందియుందురు. అవి మంచివే కాని, అవి మాత్రమే చాలవు. మరికొందరు సైన్యము, పోలీసు శునకదళములలో పనిచేసి విరమించినవారు. మీరట్ నగరమున సైన్యపు కేంద్రమును, గ్వాలియర్ సమీపమున టేకన్‌పూరులో సరిహద్దు భద్రతాదళపు కేంద్రమును, హైదరాబాదునకు చేరువ మొయినాబాదు వద్ద పోలీసు కేంద్రమును శునకములను తీర్చిదిద్దుచున్నవి. అచ్చటి అనుభవము గొప్పదే. అయినను ప్రేలుడు పదార్థము వాసన పట్టుటకు ఎన్నిక చేసిన కుక్క వేరు, సోఫా మీద నిదురించు కుక్క వేరు. ఆ దళములో ఒక కుక్కకు దినమంతయు తోడుండు మనిషి కలడు. మీ ఇంట ఆఫీసులకు, బడులకు పోవు నలుగురు కలరు. ఆ అనుభవమును గృహస్థుని అవసరమునకు మలచుకొన్నవాడు దొరకినచో అదృష్టమే. మలచుకొనక "సిపాయి కుక్కను చేసి ఇచ్చెద" ననువానికి దండము పెట్టి పంపుట మేలు.

కావున యోగ్యతను మీరే పరీక్షింపవలెను. దానికి మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: "కుక్క సరిగా చేసినచో మీరేమి చేయుదురు?" రెండవది: "తప్పు చేసినచో ఏమి చేయుదురు?" మూడవది: "మీ పద్ధతి పనిచేయనిచో తరువాత ఏమి చేయుదురు?" మంచి శిక్షకుడు మొదటిదానికి, ఉడికించిన కోడిమాంసపు ముక్కయో, గ్రుడ్డు ముక్కయో, బంతియో ఇత్తుననును. రెండవదానికి, పాఠమును సులభము చేసి మరల అడుగుదును, తప్పునకు అవకాశము లేకుండ పరిసరములను సరిదిద్దుదును అనును. మూడవదానికి, పశువైద్యుని సంప్రదింతుము, నాకు తెలియనిచో నాకంటె తెలిసినవారి యొద్దకు పంపుదును అనును. అట్లుగాక "అది వృత్తి రహస్యము", "ఒక్క దెబ్బతో దారికి వచ్చును", "మీరు చూడనిచో మంచిది" అను సమాధానములు వచ్చినచో సంభాషణ అంతటితో ముగింపవచ్చును. సంచిలో మేకుల గొలుసు గాని, విద్యుత్ ఘాతమిచ్చు పట్టెడ గాని ఉన్నదేమో అడిగి తెలిసికొనుడు. ఈ విద్యుత్ పట్టెడను వేల్స్ దేశము 2010లోనే నిషేధించినది. మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము జంతువును కొట్టి, తన్ని అనవసరమైన బాధ కలిగించుట నేరము. మిక్కిలి పొట్టిదో, బరువైనదో అగు గొలుసుతో అన్యాయముగా చాలసేపు కట్టివేయుటయు నేరమే. ఇది శిక్షకునికే గాక యజమానికిని వర్తించును.

మాటలతో తృప్తి పడక ఒక పాఠమును స్వయముగా చూడుడు. మనుష్యుని చూడవలదు, అతడు నేర్పుచున్న కుక్కను చూడుడు. అతడు వచ్చునప్పుడు అది ఎదురేగుచున్నదా, వెనుకకు జరుగుచున్నదా? తోక కాళ్ల నడుమ చేరినదా, వదులుగా ఊగుచున్నదా? చెవులు వెనుకకు అంటి, ఆకలి లేకయే మూతి నాకుకొనుచున్నదా? కదలక మెదలక కూర్చున్న కుక్క క్రమశిక్షణ గలదని పొరపడరాదు. భయముతో బిగిసినదియు కదలదు. తెలిసి కూర్చున్నదాని కన్నులు శిక్షకుని వైపు ఆశగా చూచుచుండును.

ఇంటికి తీసికొనిపోయి నెల దినములలో తయారుచేసి తెచ్చి ఇత్తుమనువారు కొందరు. పని ఒత్తిడి గలవారికి ఈ మాట తీయగా ఉండును. దీనిలో రెండు లోపములు కలవు. అచ్చట మూసిన తలుపుల వెనుక ఏమి జరిగినదో మీకు తెలియదు. రెండవది, కుక్క ఒకచోట నేర్చినది మరియొకచోటికి దానంతటది తెచ్చుకొనజాలదు. శిక్షకుని పెరటిలో కూర్చుండుట ఎరిగిన కుక్కకు మీ వీధిలో, మీ గొంతుతో ఆ మాట వినబడినప్పుడు అది క్రొత్త మాటయే. కావున మంచి శిక్షకుడు కుక్కకంటె ఇంటివారికే ఎక్కువ నేర్పును. వారమున ఒకటి రెండు గంటలు ఆయన వచ్చును. మిగిలిన కాలమంతయు కుక్కకు గురువులు మీరే. పదియైదు దినములలో పూర్తి విధేయత, జీవితకాలపు హామీ అను ప్రకటనలను నమ్మవలదు. ప్రాణము గల వస్తువునకు హామీ పత్రముండదు.

ఇంటివారు నేర్వవలసినదానిలో మొదటిది మాటల పొందిక. ఒకే పనికి నాయనగారు "సిట్" అందురు, అమ్మగారు "కూర్చోమ్మా" అందురు, పిల్లవాడు "కూర్చో, కూర్చో, కూర్చోరా" అని అరచును. కుక్కకు భాష లేదు. ధ్వని మాత్రమే కలదు. తెలుగైనను ఆంగ్లమైనను బాధ లేదు, అందరి నోట ఒకే ధ్వని రావలెను. మన భాషలో ఒక చిక్కు ప్రత్యేకముగా కలదు. కుక్కను పిలుచుటకు "రా" యందుము. "ఏమిరా", "ఎక్కడికిరా", "తినరా" అని దినమెల్ల ఆ ధ్వనినే దాని చెవిని వేయుచుందుము. నూరుసార్లు ఊరక వినిన ధ్వనికి నూటయొకటవసారి అది ఏల కదలవలెను? పిలుచుటకు వేరొక మాట ఏర్పరచుకొని, ఆ మాటను తిట్టుటకు గాని, స్నానమునకు ఈడ్చుటకు గాని ఎన్నడును వాడకుండుట మేలు. ఈపాటి సంగతిని మొదటి దినముననే కనిపెట్టి చెప్పువాడు తెలిసిన శిక్షకుడు.

మన శీతోష్ణస్థితిని, పండుగలను ఎరిగియుండుటయు అవసరము. కుక్కకు చెమట ద్వారమున చల్లబడు శక్తి మిక్కిలి తక్కువ. వగర్చుటయే దానికి గతి. మే నెలలో పది గంటల ఎండలో తారురోడ్డుపై నడిపించువాడు దాని అరికాళ్లను, ప్రాణమును గూడ లెక్కచేయనివాడు. ఉదయము ఎండ ఎక్కకముందు, సాయంకాలము నేల చల్లారిన పిదప, ఐదు మొదలు పది నిమిషముల చిన్న పాఠములు చాలును. దీపావళి టపాకాయలకు వణకు కుక్కను ధైర్యము నేర్పెదనని చప్పుడు నడుమకు లాగుట క్రూరత్వము. దానికి వేరు మార్గము కలదు. ధ్వనియే వృత్తియైన మాకు ఇది సులభముగా బోధపడును. పండుగకు కొన్ని నెలల ముందు నుండి టపాకాయల ధ్వనిముద్రణను, చెవి రిక్కించినగాని వినబడనంత మెల్లగా వినిపించుచు ఇష్టమైన తిండి పెట్టవలెను. కుక్క నిశ్చింతగా తినుచున్నప్పుడే మరునాడు ధ్వనిని వెంట్రుకవాసి పెంచవలెను. అది తినుట మానెనా, మనము తొందరపడితిమని అర్థము. పండుగనాడు తలుపులు మూసి, లోపలి గదిలో దానికి తోడుండవలెను.

శిక్షకుని కుదుర్చుకొన్న తరువాత మూడు నాలుగు పాఠములు గడచిన పిమ్మట లెక్క చూచుకొనుడు. కుక్క ఆయన అడుగుల చప్పుడు విని గుమ్మము వద్దకు పరుగెత్తుచున్నదా? చిన్నదైనను ఒక మార్పు కనబడినదా? ఆయన లేనప్పుడు గూడ ఇంటివారు ఆ పాఠము నడుపగలుగుచున్నారా? ఈ మూడింటికి అవునన్నచో సొమ్ము సద్వినియోగమైనట్లే. ఆయన వచ్చినపుడెల్ల కుక్క మంచము క్రింద దూరినచో, ఇచ్చిన సొమ్ము పోయినను పాఠములు ఆపివేయుడు. సొమ్ము మరల సంపాదింపవచ్చును. చెడిన నమ్మకమును మరల కూర్చుటకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు కూడదు.

సరమ కొడుకునకు తన పక్షమున సభలో మాటలాడుటకు తల్లి యుండెను. మన ఇంటి కుక్కకు ఆ తల్లి లేదు. దాని మెడపట్టెడను వేరొకరి చేతికి ఇచ్చునప్పుడు, నీవు దీనిని ఏల కొట్టితివని అడుగవలసినవారు, అట్లు అడుగవలసిన అవసరమే రాకుండ ముందుగా చూచుకొనవలసినవారు, దానిని ఇంటికి తెచ్చుకొన్నవారే.